ఆకురాయి ఆ అమ్మాయి చేతిలోనే ఉండాలి

4వ తారీఖు, సోమవారం. సాయంత్రం 6.15

మేడమ్ గారికి నమస్కారం. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, క్షమించాలి. ఊళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పడాలో అక్కడ పడవు. అర్థం కాని చోట ముందు వెనక మాటలు చూసి ఊహించుకోండి.

శుక్రవారం, శనివారం మీరు మా క్యాంటీన్‌లో శిక్షణ ఇచ్చిన పంతొమ్మిది మందిలో, చివరి బెంచీలో గోడ పక్కన కూర్చున్నది నేను. మీరు అడిగిన ప్రశ్నలకు ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. జవాబులు తెలుసు.

ఈ తలుపుల ఫ్యాక్టరీలో ఆకురాయితో పళ్ళు అరగదీసి రంపాలకు పదును పెట్టడం నా పని. ముప్పై ఎనిమిదేళ్ళు అయింది. వచ్చే నెలాఖరుకి సర్వీసు అయిపోతుంది. నా చోటికి ఒక అమ్మాయిని ఇచ్చారు. ముప్పై దాటిన మనిషే, నాకు మాత్రం అమ్మాయే. మూడు వారాల కిందటి దాకా గరుకు కాగితం సెక్షన్‌లో తలుపులు నునుపు చేసేది. ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుంది. ఇంక ఆ దుమ్ములో ఉండొద్దని డాక్టరు కాగితం రాసిచ్చాడు.

28న మేనేజరు గారి ముందు ఆమెకి పరీక్ష. ఒక రంపానికి ఒంటరిగా పదును పెట్టి చూపించాలి. నెగ్గితే నా గది ఆమెది. నెగ్గకపోతే రంపాలు బయటికి పంపించి చేయించుకుంటారట. ఆమె మళ్ళీ దుమ్ములోకి వెళ్ళాలి.

నేర్పడానికి నాలుగు మెట్లు అని మీరు ఒక కాగితం పంచారు. చెప్పు. చూపించు. చేయించు. వదిలెయ్యి. శిక్షణలో విన్నది వారంలో సగం ఆవిరైపోతుంది, ఒక్క అలవాటు పట్టుకోండి, రోజూ రాయండి, నెలాఖరుకి నాకు పంపండి అన్నారు. ఈ నోటుబుక్కు కూడా ఇచ్చారు. అట్ట బాగుంది.

నా అలవాటు చెబుతాను. ఎదుటి మనిషి పని చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను. చేతిలోంచి లాక్కుని నేనే చేసేస్తాను. ఇంతకుముందు ఇద్దరు నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చి వెళ్ళిపోయారు. అందులో ఒకాయన వెళ్ళేటప్పుడు "నీ దగ్గర చూడటం బాగా నేర్చుకున్నాను బాబాయ్" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

నిర్ణయం: పరీక్ష దాకా ఆ అమ్మాయి చేతిలోంచి ఆకురాయి లాక్కోను.

ఇవాళ లాక్కోలేదు. ఆమె సెలవు.

5వ తారీఖు, మంగళవారం

7.40. గది ఊడ్చాను. స్టోరు నుంచి రెండో స్టూలు తెచ్చాను.

8.00. ఆమె వచ్చింది. "ఈ స్టూలు ఎవరికి బాబాయ్?" అంది. నీకే అన్నాను. మూడు వారాలుగా నిలబడే చూస్తోంది. నాకు తోచలేదు.

మొదటి మెట్టు, చెప్పు. చెప్పాను. ఇది గుండ్రం రంపం. డెబ్బై రెండు పళ్ళు. ఒక పన్ను ఎడమకి, ఒకటి కుడికి వంగి ఉంటాయి. ఒకటి వదిలి ఒకటి చేసుకుంటూ చుట్టు పూర్తి చెయ్యాలి. తర్వాత రంపం తిప్పి బిగించి, వదిలేసినవి చెయ్యాలి. ఇంత చెప్పేసరికి చొక్కా తడిసింది. మా పెళ్ళిలో కూడా ఇంత మాట్లాడలేదు.

"ఎంత నొక్కాలి బాబాయ్?"

"పట్టేంత."

"ఎంత పట్టాలి?"

"సరిపోయేంత."

ఆమె రాసుకుంది.

తర్వాత ఆకురాయి ఆమె పట్టుకుంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఇరవై పళ్ళు చేసింది. లాక్కోలేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. "ఫ్యాక్టరీలో అయితే నెల రోజులు ఆగుతారన్నమాట" అంది. "నా చేతిలో చాకు ఏనాడైనా రెండు నిమిషాలు ఉండనిచ్చారా? ఉల్లిపాయ సగంలో ఉండగానే పట్టుకెళ్ళి నూరుకొస్తారు. మిగతా సగం నేను ఎదురుచూస్తూ కూర్చోవాలి."

ఆమెకి శిక్షణ లేదు.

6వ తారీఖు, బుధవారం

లాక్కోలేదు. ముప్పై ఆరు పళ్ళు.

మా సూపర్‌వైజరుని అందరూ గడియారం అంటారు. మనిషితో మాట్లాడుతూ చేతి వాచీ చూసుకుంటాడు. మీ శిక్షణలో ఆయన ఎంచుకున్న అలవాటు, కేకలు వెయ్యకపోవడం. 8.05కి గేటు దగ్గర ఎంతో మెల్లగా మాట్లాడాడు. వినపడక రెండుసార్లు అడిగారు. 8.20కి "నేను కేకలు వెయ్యకూడదని ఊరుకుంటున్నానని మీకు తెలుస్తోందా" అని కేక వేశాడు.

నేను అలా కాదు. నాది మూడో రోజు.

7వ తారీఖు, గురువారం

మీ కాగితంలో మూడో మెట్టు కింద చిన్న అక్షరాల్లో 'మెచ్చుకోండి' అని ఉంది. ఇవాళ చూశాను.

10.15. మెచ్చుకున్నాను. "ఊఁ" అన్నాను.

"తప్పా బాబాయ్?" అంది.

"కాదు. బాగుంది."

ఆమె ఆకురాయి బల్ల మీద పెట్టి నా మొహంలోకి చూసింది. "ఒంట్లో ఎలా ఉంది? మంచినీళ్ళు తేనా?" అంది.

లాక్కోలేదు.

9వ తారీఖు, శనివారం

ఆకురాయి పన్ను మీద మొదట కూస్తుంది. పదును ఎక్కగానే ఆ కూత తగ్గి ఉస్సుమంటుంది. అక్కడ ఆపాలి. నా విద్య అంతా ఇదే. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. దాచుకోవాలని కాదు, ఇది చెప్పవలసిన సంగతని తెలీదు. మా గురువు కూడా చెప్పలేదు. ఆయన నా చేతిలోంచి లాక్కునేవాడు. నాకు పని రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆమెకి చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నది. "రెండు చప్పుళ్ళూ ఒకలాగే ఉన్నాయి బాబాయ్" అంది.

మధ్యాహ్నం ఒక మార్కరు పెన్ను తెచ్చింది. పళ్ళన్నిటికీ నల్లరంగు పూసింది.

"ఆకురాయి తగిలిన చోట రంగు పోతుంది. పూర్తిగా పోయిందంటే పన్ను అయిపోయినట్టు. మీకు చెవి ఉంది. నాకు కళ్ళున్నాయి" అంది.

రంపానికి పెళ్ళికూతురి ముస్తాబు ఏమిటి అన్నాను. అనలేదు. అనుకున్నాను.

లాక్కోలేదు. ఆదివారం సెలవు, ఆ రోజు కూడా కలుపుకుంటే ఏడు రోజులు.

11వ తారీఖు, సోమవారం

ఆకురాయి కొంచెం పక్కకి వాలింది. కొస మాత్రం పట్టుకుని నిలబెట్టాను. పిడి ఆమె దగ్గరే ఉంది. రెండు కొసలూ పట్టుకుంటేనే లాక్కోవడం. ఇది సాయం.

12వ తారీఖు, మంగళవారం

"ఇలా ఇవ్వు" అన్నాను. ఇచ్చింది. పదకొండు పళ్ళు చేసి తిరిగి ఇచ్చాను. అడిగి తీసుకున్నది లాక్కోవడం కిందికి రాదు. రెండో మెట్టు 'చూపించు' కిందికి వస్తుంది.

13వ తారీఖు, బుధవారం

లారీ వచ్చి నిలబడింది. కోత మిషను దగ్గర రంపం మొద్దుబారింది. గడియారం మా గది గుమ్మంలో నిలబడి వాచీ చూస్తూ "ఎంతసేపు బాబాయ్, ఎంతసేపు" అన్నాడు, ఒక్క నిమిషంలో నాలుగుసార్లు. లాక్కున్నాను. ఎనిమిది నిమిషాల్లో ఇచ్చేశాను.

లారీ వచ్చిన రోజు లెక్కలోకి రాదు.

ఆమె స్టూలు మీద కూర్చుని మార్కరు మూత పెట్టింది, తీసింది. "నేనైతే ఎంతసేపు పట్టేది బాబాయ్?" అని అడిగింది. నాకు తెలీదు. చూడలేదు కదా.

14వ తారీఖు, గురువారం

12.30. ఆమె భోజనానికి వెళ్ళింది. ఆమె పదును పెట్టిన రంపం బల్ల మీద ఉంది. ముట్టి చూశాను. నాలుగు పళ్ళు మెత్తగా, సరిగా పదును ఎక్కకుండా ఉన్నాయి. ఆకురాయి కూడా బల్ల మీదే ఉంది. ఎవరి చేతిలోనూ లేదు.

నాలుగూ దిద్దాను.

ఎవరి చేతిలోంచీ లాక్కోలేదు. నియమం తప్పలేదు.

15వ తారీఖు, శుక్రవారం

మధ్యాహ్నం ఆరు పళ్ళు. నియమం తప్పలేదు.

16వ తారీఖు, శనివారం

మధ్యాహ్నం తొమ్మిది. నియమం తప్పలేదు. క్యారేజీ అలాగే ఇంటికి తెచ్చాను. మా ఆవిడ మూత తీసి చూసి, "ఏం, నేను వండింది కూడా మీరే మళ్ళీ వండుకుంటారా?" అంది.

18వ తారీఖు, సోమవారం

నియమం తప్పలేదు.

మిగతా పద్దెనిమిది నోటుబుక్కులు ఏమయ్యాయో మీకు తెలియాలి. గడియారం తన దాంట్లో లారీ నంబర్లు రాస్తున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చేపోయేవాళ్ళ సంతకాలు పెట్టిస్తున్నాడు. క్యాంటీన్ అమ్మ మొదటి పేజీలో 'విసుక్కోను' అని రాసి, తర్వాత పేజీలు చింపి బల్ల కాళ్ళ కింద పెట్టింది. బల్ల ఇప్పుడు ఊగడం లేదు. మీ నాలుగు మెట్ల కాగితం స్విచ్‌బోర్డు పక్కన గోడకున్న కంతకి అతికించారు. బాగానే కనిపిస్తుంది.

రోజూ రాస్తున్నది నేనొక్కడినే అనుకుంటా.

19వ తారీఖు, మంగళవారం

గడియారం వచ్చి రంపం వేలితో తట్టి చూశాడు. "అమ్మాయ్, ఇది అచ్చం బాబాయ్ పదునే. ఇంక పరీక్ష ఎందుకు, ఊరికే మేనేజరు గారి తృప్తికి" అన్నాడు.

ఆమె మొహం విప్పారింది. సాయంత్రం గరుకు కాగితం సెక్షన్‌కి వెళ్ళి దుమ్ము పోకుండా కట్టుకునే తన ముక్కుగుడ్డ అక్కడ కొత్తగా చేరిన ఒకామెకి ఇచ్చేసి వచ్చింది. ఇంక నాకు అక్కర్లేదు, ఉతికిందే, వాడుకో అందట.

మధ్యాహ్నం పద్నాలుగు పళ్ళు దిద్ది ఉన్నాను.

నియమం తప్పలేదు.

20వ తారీఖు, బుధవారం

ఇవాళ ఆమె చుట్టు మధ్యలో భోజనానికి వెళ్ళింది. నలభై ఒకటో పన్ను దాకా చేసింది. మిగతా వాటికి నల్లరంగు అలాగే ఉంది. నేను ఆమె చేసినవి దిద్దుకుంటూ వెళ్ళాను. చెయ్యి నలభై ఒకటి దగ్గర ఆగలేదు. నలభై ఏడు దాకా వెళ్ళిపోయింది. చూసుకోలేదు.

1.05. ఆమె వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. ఆకురాయి తీసుకుంది. మళ్ళీ పెట్టేసింది.

"బాబాయ్, నేను నలభై ఒకటి దగ్గర ఆపాను."

బల్ల మీది ఇనుప పొడి చేత్తో ఊడ్చాను.

"నేను భోంచేస్తుంటే ఈ పళ్ళు వాటంతట అవే అరిగాయా?"

కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ ఏమీ లేదు. గేటు ఉంది.

"రోజూనా?"

"రోజూ కాదు" అన్నాను. "గురువారం నుంచి."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అయితే నిన్న సూపర్‌వైజరు బాగుందన్నది ఎవరి పనిని?"

వేళ్ళకి అంటిన నల్లరంగు చొక్కాకి తుడుచుకున్నాను.

"కోప్పడినా పడేదాన్ని. మెత్తగా ఉంది, మళ్ళీ చెయ్యి అంటే పదిసార్లు చేసేదాన్ని. ఇప్పుడు ఈ పని నాకు వచ్చో రాదో నాకే తెలీకుండా చేశారు" అంది. తర్వాత దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

మేడమ్ గారూ, వెనక పేజీల్లో ఐదుసార్లు నియమం తప్పలేదని రాశాను. కొట్టెయ్యను. అలాగే ఉండనివ్వండి. కానీ తప్పింది.

21వ తారీఖు, గురువారం

ఆమె నాతో మాట్లాడలేదు. నేను మామూలుగానే మాట్లాడను. కాబట్టి చూసేవాళ్ళకి తేడా తెలీలేదు. మాకు తెలిసింది.

మెత్తగా వదిలేసిన పన్ను ఒకటి చూపించి "మళ్ళీ" అన్నాను. చేసింది. "మళ్ళీ." చేసింది. "ఊఁ." ఈసారి ఒంట్లో బాగుందా అని అడగలేదు.

మధ్యాహ్నం భోజనానికి క్యాంటీన్‌లో కూర్చున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. క్యాంటీన్ అమ్మ "ఎవరండీ మీరు?" అని అడిగింది.

22వ తారీఖు, శుక్రవారం

మా ఆవిడకి అంతా చెప్పాను. విన్నది. చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు భయం.

"ఆ పిల్ల పని పాడవుతుందని కాదు మీ బాధ" అంది చివరికి. "మీరు లేకుండా బాగుపడుతుందేమోనని."

"అదేం కాదు" అన్నాను.

"సరే, అదేం కాదు. రేపు రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు పట్టుకుని కూర్చోండి. నిండుగా ఉండాలి. లాక్కోవాలంటే ముందు ఎక్కడో పెట్టాలి కదా, ఈలోగా బుద్ధి వస్తుంది."

ఇది మీ కాగితంలో లేదు. అయినా బాగుంది.

23వ తారీఖు, శనివారం

రెండు గ్లాసులు పట్టుకుని కూర్చున్నాను.

"ఒకటి నాకా బాబాయ్?" అంది. బుధవారం తర్వాత ఆమె అన్న మొదటి మాట.

"కాదు."

"రెండూ మీకేనా?"

"చేతులకి."

ఆమెకి అర్థమైంది. నవ్వు దాచుకోవడానికి రంపం మీదకి వంగింది. డెబ్బై రెండు పళ్ళూ తనే చేసింది. యాభై నిమిషాలు పట్టింది. ముట్టి చూశాను. మెత్తగా ఉన్నవి మూడు. చెప్పాను, తనే దిద్దుకుంది. టీ చల్లారిపోయింది. రెండు గ్లాసులూ నేనే తాగవలసి వచ్చింది.

25వ తారీఖు, సోమవారం

టీ: ఆరు గ్లాసులు. మెత్తగా ఉన్న పళ్ళు: రెండు. లాక్కున్నది: లేదు.

26వ తారీఖు, మంగళవారం

టీ: ఆరు. మెత్తనివి: ఒకటి. లాక్కున్నది: లేదు.

27వ తారీఖు, బుధవారం

టీ: నాలుగు. మెత్తనివి: లేవు. మళ్ళీ ముట్టి చూశాను. లేవు. ఇంకోసారి చూశాను.

"ఎన్నిసార్లు చూస్తారు బాబాయ్, అరిగిపోతాయి" అంది.

నలభై నిమిషాలు పట్టింది. రేపే పరీక్ష. ఆమెకి వచ్చేసింది. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది, పెన్ను రాయక కాదు.

28వ తారీఖు, గురువారం

10.00. మేనేజరు గారు వచ్చారు. ఆయన తక్కువ మాట్లాడతారు. నాతో అందుకే పడుతుంది. మూడేళ్ళుగా మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గడియారం కూడా వచ్చాడు. నేను గుమ్మం దగ్గర, రెండు గ్లాసులతో.

ఆమె రంపం బిగించింది. రంగు పూసింది. మొదలుపెట్టింది.

ముప్పై పళ్ళ దాకా బాగానే ఉంది. అసలు బాగాలేదు, కూత ఏదో తేడాగా ఉంది, కానీ ఊరుకున్నాను. ముప్పై ఒకటో పన్ను దగ్గర రెండు రాపులు ఇచ్చింది. కూత తగ్గలేదు. ఆమె ఆపేసి ముందుకి వెళ్ళబోయింది. పదును ఎక్కలేదు, వదిలేస్తోంది, అనుకున్నాను.

గ్లాసులు కింద పెట్టినట్టు గుర్తు లేదు. తర్వాత చూస్తే కిటికీ గూట్లో ఉన్నాయి, ఒక్క చుక్క ఒలకలేదు.

ఆకురాయి నా చేతిలో ఉంది. ఆ పన్నుకి నాలుగు రాపులు ఇచ్చాను. గట్టిగా.

"బాబాయ్" అన్నాడు గడియారం. మెల్లగా అన్నాడు. "పరీక్ష ఎవరికి?"

అప్పుడు గదిలో మనుషులున్నారని తెలిసింది.

ఆమె నా చేతిలోంచి ఆకురాయి లాక్కుంది. మిగతా పళ్ళన్నీ చేసింది. తల ఎత్తలేదు.

ఆ ఆకురాయి కొత్తది. పొద్దున స్టోరు నుంచి తెచ్చుకుందట. కొత్త ఆకురాయి పదును ఎక్కాక కూడా కూస్తుంది. నా చెవికి ఆ సంగతి తెలుసు. నాకు చెప్పలేదు.

తర్వాత కొలత. రంపం అంచుకి తగిలేట్టు ఒక పల్చటి రేకుముక్క పెట్టి, రంపం చేత్తో మెల్లగా తిప్పుతారు. ప్రతి పన్నూ రేకుని తాకి టిక్కుమంటుంది. పన్ను పొట్టిదైతే తాకదు, చప్పుడు రాదు. మేనేజరు గారే తిప్పారు. టిక్కు టిక్కుమని వచ్చింది, సమానంగా. ఒక్కచోట చప్పుడు రాలేదు. తర్వాత మళ్ళీ సమానంగా.

"ఒకటి పొట్టిగా ఉంది. ఎన్నోది?" అన్నారు.

"ముప్పై ఒకటి సార్" అంది.

డెబ్బై రెండిట్లో పాడైంది అదొక్కటే. మిగతావి నేను ముట్టుకోలేదు.

మేనేజరు గారు రేకుముక్క తీసి పక్కన పెట్టారు. "ఒంటరిగా చెయ్యాలని రూలు. ఒంటరిగా చెయ్యలేదు. నెగ్గలేదని రాయండి" అన్నారు. గడియారం రాశాడు.

ఆమె మార్కరుకి మూత పెట్టింది. సంచీ తీసుకుంది. నన్ను దాటుకుని వెళ్ళింది. ఎక్కడికి అన్నాను.

"నా ముక్కుగుడ్డ తిరిగి అడగడానికి."

29వ తారీఖు, శుక్రవారం

8.10. మేనేజరు గారి గది బయట.

8.25. గది బయట.

8.40. గది బయట. ప్యూను "ఎవరు కావాలి?" అన్నాడు. ఎవరూ వద్దన్నాను.

8.55. తలుపు తోశాను. మా తలుపే, మా ఫ్యాక్టరీదే. అంచు సరిగా కొయ్యలేదు. పదును తక్కువైన రంపం.

"పిలవలేదే" అన్నారు మేనేజరు గారు.

ఇంట్లో అద్దం ముందు అనుకున్నవి నాలుగు మాటలు. ఒక్కటీ రాలేదు. వేరేవి వచ్చాయి. "పరీక్షలో తప్పింది నేను సార్. ఆ పన్ను నాది. డెబ్బై ఒకటి ఆమెవి. ఆమె దుమ్ములోకి వెళ్తే ఆ దగ్గు తగ్గదు. నేను వారం రోజులు దొంగతనంగా దిద్దాను కూడా. ఇందులో రాసి ఉంది." నోటుబుక్కు బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. మొదటి పేజీ నుంచి. పదకొండు నిమిషాలు. మధ్యలో ఒకసారి నవ్వారు. ఏ పేజీ దగ్గరో కనపడలేదు.

మీకు పంపకముందే ఇంకొకరికి చూపించినందుకు క్షమించాలి.

"వచ్చే శుక్రవారం మళ్ళీ పెడతాను" అన్నారు. "అదే చివరిసారి. ఒక షరతు. మీరు ఆ గదిలో ఉండకూడదు."

"పరీక్ష రోజా సార్?"

"ఇవాళ్టి నుంచే. తాళంచెవి ఆమెకి ఇవ్వండి. మీ సర్వీసు అయ్యేదాకా గేటు దగ్గర కూర్చుని కొత్తగా వచ్చే కలప చూడండి."

గరుకు కాగితం సెక్షన్‌కి వెళ్ళాను. అక్కడ మనుషులు పిండిబొమ్మల్లా ఉన్నారు. ఎవరు ఎవరో పోల్చుకోలేం. దగ్గుని బట్టి ఆమెని పట్టుకున్నాను. శుక్రవారం సంగతి చెప్పి తాళంచెవి ఇచ్చాను.

"మళ్ళీ మీరే నేర్పుతారా?" అంది ముక్కుగుడ్డలోంచి.

"లేదు."

"హమ్మయ్య" అంది.

గుడ్డ విప్పింది. గుడ్డ ఉన్నంత మేర మొహం శుభ్రంగా ఉంది. "నాకింకా కోపంగానే ఉంది బాబాయ్. శుక్రవారం దాకా ఉంటుంది. నెగ్గితే తర్వాత చూద్దాం."

"నెగ్గకపోతే?"

"ఆ మాట మాత్రం అడక్కండి" అంది.

30వ తారీఖు, శనివారం

మొదటి రోజు.

నిర్ణయం: ఆకురాయి ఆ అమ్మాయి చేతిలోనే ఉండాలి. నేను గది దగ్గరికి వెళ్ళను. శుక్రవారం దాకా. ఆ తర్వాత కూడా.

7.50. గేటు దగ్గర బెంచీ తుడిచి కూర్చున్నాను. వాచ్‌మన్ నా చేత సంతకం పెట్టించుకున్నాడు, ఇప్పుడు నేను కూడా వచ్చేపోయేవాడినట.

8.05. గది తాళం తీసిన చప్పుడు. ఆమె సమయానికే వచ్చింది.

8.30. ఆకురాయి కూత. ఇక్కడికి బాగా వినిపిస్తుంది. కొత్తదే వాడుతోంది.

9.20. లేచి అటు నడిచాను, మంచినీళ్ళకి. మంచినీళ్ళు అటువైపు లేవు. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చి తిరిగి వచ్చాను. వెళ్ళలేదనే లెక్క వేసుకోవచ్చు. వేసుకోను. సగం తప్పింది.

10.10. కలప లారీ వచ్చింది. దుంగలు చూశాను. బాగున్నాయి. పని నాలుగు నిమిషాలు.

11.00. ఆమె కిటికీలోంచి ఇటు చూసింది. నేను మెడ చాచి ఉన్నాను. కిటికీ మూసేసింది.

12.30. ఆమె భోజనానికి వెళ్ళింది. గదికి తాళం వేసింది. వేశాక ఒకసారి లాగి చూసింది.

1.00. క్యారేజీ ఖాళీ చేశాను.

3.40. వాచ్‌మన్ పెన్సిలు చెక్కుకుంటున్నాడు. బ్లేడు వంకరగా పట్టుకున్నాడు. ములుకు రెండుసార్లు విరిగింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మూడోసారి కూడా విరిగింది. నాలుగోసారికి వచ్చింది. ఆ ములుకు అంత బాగాలేదు. దాంతోనే సంతకాలు పెట్టిస్తున్నాడు, పడుతున్నాయి.

మేడమ్ గారూ, పేజీలు అయిపోయాయి. పుస్తకం ఇవాళే పోస్టు చేస్తున్నాను. ఒక్క సంగతి అడగాలి. మీ కాగితంలో మొదటి మూడు మెట్ల కిందా నాలుగేసి లైన్లు ఉన్నాయి. ఎలా చెప్పాలి, ఎక్కడ నిలబడి చూపించాలి, ఎన్నిసార్లు చేయించాలి, అన్నీ ఉన్నాయి. నాలుగోది 'వదిలెయ్యి'. దాని కింద ఏమీ లేదు. తెల్లగా ఉంది. గోడకి అతికించింది కూడా వెళ్ళి చూశాను, అందులోనూ లేదు. వదిలేసినవాడు ఆ తర్వాత ఎక్కడ కూర్చోవాలి, చేతులతో ఏం చేసుకోవాలి, అది మీరు రాసే ఉంటారు, అచ్చులో పోయి ఉంటుంది. ఆ నాలుగు లైన్లూ నాకు రాసి పంపండి. శుక్రవారం లోపు అందితే మేలు. ఇంకా ముందే రాస్తే ఇంకా మేలు. చిరునామా: గేటు దగ్గర బెంచీ. పదును గదికి పంపకండి, అక్కడ నేను ఉండను.